పైథాన్ ప్రోగ్రాం ముగిశాక షెల్‌లోనే ఉండిపోవడం ఎలా?

ప్రశ్న: ఉబుంటులో, విద్యార్థుల మార్కుల ఫైలు చదివి సగటు కట్టే చిన్న ప్రోగ్రాం రాసుకున్నాను. టెర్మినల్‌లో నడిపితే సగటు చూపించి వెంటనే ముగిసిపోతోంది. ఆ తర్వాత వేరియబుల్స్‌లో ఏముందో చూడాలంటే, పైథాన్ షెల్ (ఒక్కో ఆదేశం కొట్టి వెంటనే ఫలితం చూసే చోటు) విడిగా తెరిచి ఫైలును మళ్లీ మొదటి నుంచి చదివించవలసి వస్తోంది. పైగా ‘పైథాన్’ అని కొడితే అలాంటి కమాండే లేదంటోంది. దయచేసి మార్గం చెప్పండి.

మొదటి జవాబు: ఉబుంటు 20.04 నుంచి ఆ పేరుతో కమాండ్ ముందుగా అమర్చి ఉండదు కనుక, ‘పైథాన్3’ అని చివర అంకెతో సహా కొట్టండి. దాని తర్వాత ఖాళీ వదిలి, ‘-ఐ’ (ఇంగ్లిష్ చిన్న అక్షరం) అనే ఆప్షన్, ఆపై మీ ఫైలు పేరు ఇస్తే, ప్రోగ్రాం పూర్తిగా నడిచాక మూడు కోణపు గుర్తుల ప్రాంప్ట్ వస్తుంది. అక్కడ వేరియబుల్ పేరు కొట్టి ఎంటర్ నొక్కితే దాని విలువ కనిపిస్తుంది. ప్రోగ్రాం మధ్యలో ఎర్రర్‌తో ఆగిపోయినా షెల్ తెరుచుకుంటుంది. నా దృష్టిలో దీని అసలు ఉపయోగం అదే.

ప్రశ్నించినవారు: ఆప్షన్‌ను ఫైలు పేరు తర్వాత పెట్టాను, షెల్ రాలేదండీ.

రెండో జవాబు: అలా పెడితే అది పైథాన్‌కు కాక మీ ప్రోగ్రాంకు ఆర్గ్యుమెంట్‌గా, అంటే దానికి అందించే సమాచారంగా వెళుతుంది కాబట్టి, ఫైలు పేరుకు ముందే ఉండాలి. బయటికి రావడానికి కంట్రోల్, డి కలిపి నొక్కండి. విండోస్‌లోనైతే కంట్రోల్, జెడ్ నొక్కి ఎంటర్ కొట్టాలి.

ప్రశ్నించినవారు: ఇప్పుడు వచ్చిందండీ. ఒక విద్యార్థి మార్కు 78కి బదులు 780గా పడినట్లు అక్కడే తేలింది.