గ్రీకు కప్పు ఫైనల్‌ను ‘దాయాదుల పోరు’ అనవచ్చునా?

ఏఈకే, పీఏఓకే అనే గ్రీకు ఫుట్‌బాల్ జట్ల మధ్య జరిగే గ్రీకు కప్పు ఫైనల్ గురించి తెలుగులో రాసేటప్పుడు ‘దాయాదుల పోరు’ అనవచ్చునా, లేక ‘చిరకాల ప్రత్యర్థులు’ అనడమే క్షేమమా అని బృందంలో ఒక మిత్రులు అడిగారు. భారత్, పాకిస్తాన్ క్రికెట్ ఆటలకు మన పత్రికలు స్థిరపరచిన మాటను ఏజియన్ తీరపు ఫుట్‌బాల్‌కు అంటగట్టడం అతి అని కొందరు సభ్యులు అభ్యంతరం చెప్పారు. నా అభిప్రాయం వేరు. ఏ రెండు జట్లు ఎదురుపడినా దాయాదులు అనే అలవాటును నేనూ ఒప్పుకోను. కానీ ఆ మాట అసలు అర్థానికి ఇంతగా ఒదిగిన ఆట మరొకటి నా ఎరుకలో లేదు.

ముందు మాట సంగతి చూద్దాం. సంస్కృతంలో ‘దాయ’మంటే వారసత్వంగా పంచుకొనే సొత్తు, దానిని పుచ్చుకొనేవాడు ‘దాయాదుడు’. తెలుగులో అది ఇకారాంతమై ‘దాయాది’ అయింది కనుక చివర ఉన్నది ‘మొదలు’ అనే అర్థమున్న ‘ఆది’ అని కొందరు పొరబడతారు, అది కాదు. మన అచ్చమైన మాట ‘పాలివాడు’ కూడా సరిగ్గా ఇదే చెబుతుంది: పాలు, అంటే వాటా, ఉన్నవాడు. పల్లెల్లో ‘మా పాలోళ్లు’ అన్నప్పుడు ఆ వాటా సంగతి ఎవరికీ గుర్తుండకపోవచ్చు గానీ మాటలో మాత్రం అది చెక్కుచెదరకుండా ఉంది. కావ్యాల తెలుగులో ‘దాయ’ అంటే జ్ఞాతి అనీ శత్రువు అనీ రెండర్థాలూ ఉన్నాయి. సంస్కృతంలో ‘భ్రాతృవ్య’ శబ్దానిదీ ఇదే కథ. సోదరుని కొడుకునూ శత్రువునూ ఆ ఒక్క మాటే చెబుతుంది. జ్ఞాతి ఉండగా వేరే నిప్పెందుకు అని భర్తృహరి అన్నది కూడా ఈ అనుభవంతోనే. కాబట్టి దాయాది అనే మాటలో మూడు సంగతులు కలిసి ఉన్నాయి: మూలం ఒకటే కావడం, సొత్తు విడిపోవడం, ఆ పంపకం మీద పగ మిగలడం. ఈ మూడూ ఉంటేనే ఆ మాట వాడాలన్నది నా నియమం.

‘ప్రత్యర్థి’ అలా కాదు. న్యాయస్థానంలో వాది ‘అర్థి’ అయితే అతనికి ఎదురు నిలిచేవాడు ‘ప్రత్యర్థి’. ఎదుటివాడు కావడం తప్ప ఇద్దరి మధ్య చుట్టరికం ఏదీ ఆ మాటకు అక్కర్లేదు. గ్రీకు భాషలో వాడే ‘అంటిపాలోస్’ కూడా అంతే. దానిలో ఉన్నది కుస్తీకి సంబంధించిన ధాతువు, ఎదుట నిలిచి పెనుగులాడేవాడని అర్థం. గ్రీకులు ‘శాశ్వత ప్రత్యర్థులు’ అని ప్రత్యేకంగా పిలుచుకొనేది పనాథినైకోస్, ఒలింపియాకోస్ జట్లను. మొదటిది 1908లో ఏథెన్స్‌లో, రెండవది 1925లో పిరేయస్ ఓడరేవులో పుట్టింది. ఇరుగుపొరుగు ఊళ్ల పంతం వారిది. అక్కడ మన ‘చిరకాల ప్రత్యర్థులు’ చక్కగా సరిపోతుంది, ‘దాయాదులు’ సరిపోదు.

ఇక మనం అడుగుతున్న జట్లకు వద్దాం. 1922లో ఆసియా మైనర్‌లో, అంటే నేటి టర్కీ గడ్డ మీద, గ్రీకు సైన్యం ఓడిపోయి స్మిర్నా నగరం తగలబడింది. 1923 నాటి లౌసాన్ ఒప్పందం ప్రకారం గ్రీస్, టర్కీ దేశాలు జనాన్ని మార్చుకున్నాయి. పది లక్షలకు పైగా క్రైస్తవులు గ్రీస్‌కు కాందిశీకులుగా చేరారు. కాన్‌స్టాంటినోపుల్‌లోని, అంటే నేటి ఇస్తాంబుల్‌లోని, గ్రీకులకు ఆ మార్పిడి నుంచి మినహాయింపు ఉన్నా, వారిలోనూ ఎంతోమంది ఊరు విడిచి వచ్చారు. అలా వచ్చినవారు 1924లో ఏథెన్స్‌లో పెట్టుకొన్న సంఘం ఏఈకే, 1926లో థెస్సలోనికిలో పెట్టుకొన్న సంఘం పీఏఓకే. మొదటి పేరును విప్పితే ‘కాన్‌స్టాంటినోపుల్ క్రీడా సమాఖ్య’ అవుతుంది, రెండవ దానిని విప్పితే ‘కాన్‌స్టాంటినోపుల్‌వారి సర్వ థెస్సలోనికి క్రీడా సంఘం’ అవుతుంది. రెండింటి చివర నిలిచిన ‘క’ ఒకే ఊరు. ఆ ఊరిని గ్రీకులు నేటికీ పేరు పెట్టి చెప్పకుండా ‘ఇ పోలి’, అంటే ‘ఆ నగరం’ అని ఊరుకుంటారు. తెలంగాణ పల్లెల్లో ‘పట్నం పోయిండు’ అంటే హైదరాబాదు అని వేరే చెప్పనక్కర్లేదు కదా, అలాగన్నమాట.

సొత్తు ఏదని అడిగితే, చిహ్నమే సొత్తు. రెండు జట్ల గుర్తూ, ఆ ఊరు రాజధానిగా ఉన్న బైజాంటియం సామ్రాజ్యం నాటి రెండు తలల పక్షి. ఏఈకే పసుపు, నలుపు రంగులను బైజాంటియం సంప్రదాయం నుంచే తీసుకొంది. పీఏఓకే నలుపు, తెలుపు ధరించింది. నలుపు పోగొట్టుకొన్న ఊరి కోసం దుఃఖమనీ, తెలుపు ఆశ అనీ ఆ సంఘం వారు చెప్పుకొంటారు. వారి చిహ్నంలో ఆ పక్షి రెక్కలు ముడుచుకొని ఉండడం కూడా ఆ దుఃఖానికి గుర్తే. ఇక్కడ నాకు మన జ్ఞాతుల మైల గుర్తుకు వస్తుంది. పొలం గట్టు దగ్గర మాటలు లేని పాలివారైనా, ఇంటి పెద్ద పోతే ఆ మైల ఇద్దరికీ ఉంటుంది. పంచుకొన్నది ఆస్తిని మాత్రమే కాదు, చావును కూడా. ఏథెన్స్‌లో ఒక పాలు, ఉత్తరాన థెస్సలోనికిలో మరొక పాలు, ఇద్దరికీ ఒకే మైల. దీనికి ‘ప్రత్యర్థి’ అన్న మాట చాలుతుందా?

కప్పు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మూడవ షరతు, అంటే పగ, అక్కడే నెరవేరుతుంది. ఈ ఇద్దరూ ఫైనల్‌లో తలపడిన తొలినాళ్లలో గెలుపు ఎప్పుడూ ఏఈకేదే: 1939లో, 1978లో, 1983లో. ఆ తరువాత 2017, 2018, 2019 సంవత్సరాల్లో వరుసగా మూడు ఫైనళ్లు ఈ ఇద్దరి మధ్యే జరిగాయి, మూడింటా పీఏఓకే గెలిచింది. 2017లో వోలోస్ నగరంలో ఆటకు ముందే అభిమానులు కొట్టుకొన్నారు. 2018 మార్చిలో పీఏఓకే సొంత మైదానమైన తుంబాలో ఈ రెండు జట్ల లీగ్ ఆట జరుగుతుండగా ఆ జట్టు యజమాని ఇవాన్ సవ్విదిస్ నడుమున పిస్తోలుతో మైదానంలోకి రావడం, ప్రభుత్వం లీగ్‌ను కొంతకాలం నిలిపివేయడం ప్రపంచమంతా చూసింది. ఆ ఏడాది లీగ్ ఏఈకేకు, కప్పు పీఏఓకేకు దక్కాయి. 2019లో ఏథెన్స్‌లో చూబా అక్‌పోమ్ వెనక్కి వాలి గాలిలో తన్నిన ఒక్క గోలుతో పీఏఓకే గెలిచి, ఓటమి లేకుండా సాధించిన లీగ్‌కు కప్పును జతచేసింది. 2023లో వోలోస్‌లో ఏఈకే 2-0తో గెలిచి తన వంతుగా లీగ్, కప్పుల జోడీని పూర్తి చేసుకొంది. ఆ ఫైనల్‌ను ప్రేక్షకులు లేని ఖాళీ మైదానంలో ఆడించవలసి వచ్చింది.

ఈ చరిత్ర తెలిసినందువల్లనే ‘దాయాదుల’ పక్కన ఉన్న రెండవ మాట మీద నాకు పట్టింపు ఉంది. నిజంగా నెత్తురు కారిన చోట ‘రణం’, ‘సమరం’, ‘సంగ్రామం’ అని శీర్షిక పెట్టడం నాకు నచ్చదు. గ్రీకులు ఆటను ‘అగోనాస్’ అంటారు, అందులో పోటీ, పెనుగులాట రెండూ ఉన్నాయి. ‘పోరు’ దానికి దగ్గరగా ఉంది, అంతకు మించి పోనక్కర్లేదు.

వ్యాఖ్యల్లో వచ్చిన రెండు ప్రశ్నలకు ఇక్కడే జవాబిస్తాను. ఆ చిహ్నాన్ని ‘గండభేరుండం’ అని అనువదించవచ్చు కదా అని ఒకరు అడిగారు. మాట అందమైనదే, రెండు తలలూ ఉన్నవే, అయినా వద్దంటాను. గండభేరుండం అనగానే మన కంటికి అచ్యుతదేవరాయల నాణేల మీద ఏనుగులను పట్టి ఎత్తుకొనిపోయే పక్షి, లేదా నేటి కర్ణాటక రాజముద్ర కనబడుతుంది. అది బలానికి గుర్తు. పీఏఓకే చిహ్నంలోనిది రెక్కలు ముడుచుకొన్న పక్షి, దానిని ఆ పేరుతో పిలిస్తే దుఃఖం ఎగిరిపోతుంది. గ్రీకులు కూడా ‘దికేఫలోస్’, అంటే ‘రెండు తలలది’ అని సాదాగానే అంటారు, పీఏఓకేను ‘ఉత్తరపు రెండు తలలది’ అని ముద్దుగా పిలుచుకొంటారు. మనకు ‘రెండు తలల డేగ’ చాలు. ‘గద్ద’ అనకపోవడానికి కారణం, తెలుగు పాఠకుడికి ఆ మాటతో ముందుగా తోచేది కోడిపిల్లను తన్నుకుపోయే పక్షి కావడమే.

రెండవది, పంచతంత్రంలోని పక్షి కథ. ఒకే కడుపు, రెండు తలలు ఉన్న పక్షిలో ఒక తల దొరికిన అమృతఫలాన్ని పంచలేదని రెండవ తల అలిగి విషఫలం తిన్నదనీ, రెండూ చచ్చాయనీ గుర్తుచేస్తూ, ఈ జట్లకు ఆ పోలిక ఎందుకు వాడరాదని ఇంకొకరు అడిగారు. ఆ కథలో కడుపు ఒకటే. ఇక్కడ వంట వేరైంది, ఊరు వేరైంది, 1924 నుంచి 1926 వరకు రెండేళ్ల తేడాతో రెండు ఇళ్లు లేచాయి. ఉమ్మడిగా ఉన్నంతకాలం ఎవరూ దాయాదులు కారు, వేరుపడిన తరువాతనే అవుతారు. అందుకే వీరికి ఆ పక్షి పోలిక కుదరదు, దాయాది అన్న మాటే కుదురుతుంది. పత్రికకు పంపేవారు మొదటి వాక్యంలోనే ఈ రెండు సంఘాలూ కాన్‌స్టాంటినోపుల్ కాందిశీకులు పెట్టుకొన్నవని ఒక్క మాట రాస్తే, శీర్షికలోని మాటకు వేరే వివరణ అక్కర్లేదు.