పాయింట్ గార్డ్ లేకుండా సెమీఫైనల్ ఎలా ఆడించాలి?

అందరికీ నమస్కారం. బెంగళూరు మారతహళ్లిలో మా తెలుగు కుర్రాళ్ల బాస్కెట్‌బాల్ టీమ్‌కి వచ్చే వారం సెమీఫైనల్. బాల్ ముందుకు తెచ్చి ఆట నడిపించే మా పాయింట్ గార్డ్‌కి కాలు బెణికింది. ఆడతానని బతిమాలుతున్నాడు గానీ నాకు మనసొప్పడం లేదు. 2025 ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) ఫైనల్స్‌లో ఇండియానా పేసర్స్ పాయింట్ గార్డ్ హాలిబర్టన్ పిక్క నొప్పితోనే ఆడాడు, ఏడో మ్యాచ్‌లో మడమ వెనక ఉండే అకిలిస్ టెండన్ తెగిపోయింది. సగం ఆటకి ఒక పాయింట్ ముందున్న పేసర్స్ చివరికి 103-91తో ఓడిపోయారు.

బాల్ తెచ్చే పని ఒక్కడికే అప్పగించాలా, ఇద్దరికి పంచాలా? ఎదుటివాళ్లు ఫుల్‌కోర్ట్ ప్రెస్ చేస్తే (కోర్టంతా వెంటపడి అడ్డుకుంటే) మావాళ్లు కంగారుపడి బాల్ పోగొట్టుకుంటారు, అసలు టెన్షన్ అదే. ఉన్న కాస్త ప్రాక్టీస్‌లో ముందు ఏం చేయించాలి? కోచింగ్ అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.