సీనియర్ హోమ్‌లో చేరాలంటే మతి కూడా సరిగ్గా ఉండాలా?

కావలి అబ్బాయి:
మా అమ్మకు 72. కావలిలో ఒక్కతే ఉంటోంది, నేను బెంగళూరులో. నెల్లూరు దగ్గర డబ్బు కట్టి ఉండే ఒక సీనియర్ హోమ్‌కు తీసుకెళ్లాను. డిపాజిట్‌కు కూడా సిద్ధం. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవమన్నారు, లేచింది. ఈరోజు ఏ వారమంటే మంగళవారం పూట శుక్రవారమంది. అదే మనిషి వంటావిడను పట్టుకుని, చేపల పులుసులో మామిడికాయ ఎప్పుడు వేయాలో పూసగుచ్చినట్టు చెప్పింది! రెండు రోజులకు ఫోన్: మతిమరుపుంది, తీసుకోలేం. అన్నీ బాగుంటే ఇంట్లోనే ఉండేది కదా?

వేదాయపాళెం అక్క:
నేను అలాంటి చోట నాలుగేళ్లు చేశాను తమ్ముడూ. రాత్రిపూట 22 మందికి ఇద్దరం. ఒక పెద్దాయన అర్ధరాత్రి 'బస్సుకు టైమైంది' అని గేటు ఎక్కబోయాడు. ఆయన్ని నేను పట్టుకుంటే మిగతావాళ్ల బెల్లు ఎవరు చూడాలి? చేర్చుకుని గదికి తాళం వేసేకంటే ముందే కాదనడం నయం.

ఒంగోలు రిటైర్డ్:
తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ కోసం వచ్చిన 2007 చట్టం ప్రకారం 60 నిండితే సీనియర్ సిటిజన్, అంతే. మతి సంగతి అందులో లేదు. ఆ చట్టం 19వ సెక్షన్లో జిల్లాకొకటైనా, కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు ఆశ్రమం అన్నారు. అదీ ప్రభుత్వం 'పెట్టవచ్చు' అని, పెట్టి తీరాలని కాదు. డబ్బు తీసుకునే హోములు ఎవరి రూల్ వాళ్లు రాసుకుంటారు.

కావలి అబ్బాయి:
అక్కా, చేరాక మతిమరుపు వస్తే గెంటేస్తారా?

వేదాయపాళెం అక్క:
మా అగ్రిమెంటులో 'మంచాన పడితే కుటుంబం తీసుకెళ్లాలి' అని ఉండేది. సంతకం పెట్టేటప్పుడు ఒక్కరూ చదవరు. చేర్చేముందు అడగాల్సింది అదే.

కందుకూరు:
ఇదెక్కడి న్యాయం అక్కా! ఓపికున్నన్నాళ్లు డబ్బు తీసుకుని, ఓపిక పోయాక ఇంటికి పొమ్మంటారా? మతిమరుపు వాళ్లకు రేటు పెంచుకోండి, కాదనొద్దు.

వేదాయపాళెం అక్క:
రేటు సరే, మనుషులేరీ? నెలకు పది వేలకి రాత్రంతా మేలుకునేవాళ్లు ఉంటే చెప్పు, రేపే చేర్పిస్తా.

కావలి అబ్బాయి:
శనివారం ఇంకో చోటికి వెళ్తున్నాం. ఈసారి అగ్రిమెంటు ముందే అడుగుతాను. అమ్మ పొద్దున్నుంచి క్యాలెండర్ ముందు నిలబడి 'గురువారం, గురువారం' అని బట్టీ పడుతోంది.