చోటు తప్పిన ప్రోటీన్లు: ముసలితనానికి కారణమా, ఫలితమా?

నిత్యసందేహి:
కణం ముసలిదయ్యే కొద్దీ కొన్ని ప్రోటీన్లు ఉండాల్సిన చోట ఉండవు. కేంద్రకంలోవి బయట కనిపిస్తాయి, బయటివి లోపలికి చొరబడతాయి. ఇది ముసలితనం చేసే చిందరవందరే తప్ప దానికి మూలం కాదని నా వాదన. ఇల్లు పాతది కాబట్టి కురుస్తుంది. కురవడం వల్ల పాతబడలేదు. కాదనేవారు ఆధారంతో రండి.

సూక్ష్మదర్శి:
కురిసే నీరు దూలాన్ని కుళ్లబెట్టదా అండీ? న్యూరాన్లు, అంటే నాడీకణాలు, విభజన చెందవు. కేంద్రకంలోకి ఏది వెళ్లాలో, ఏది బయటికి రావాలో చూసే కేంద్రక రంధ్రాల చట్టంలోని కొన్ని ప్రోటీన్లను కణం దాదాపు మార్చదు. ఏళ్లు గడిచే కొద్దీ అవి దెబ్బతింటాయి, రంధ్రాలు వదులవుతాయి. కేంద్రకం బయట, కణద్రవ్యంలో ఉండాల్సిన ట్యూబులిన్ అనే ప్రోటీన్ ముసలి ఎలుకల న్యూరాన్లలో కేంద్రకం లోపల కనిపించిందని శాస్త్రవేత్త హెట్జర్ బృందం 2009లో చూపింది.

నిత్యసందేహి:
కనిపించింది, సరే. దాన్ని ఆపితే ఎలుక ఎక్కువకాలం బతికిందా?

ఈస్ట్‌పక్షం:
అలాంటి ప్రయోగానికి ఈస్ట్ అనే ఏకకణ శిలీంధ్రం దగ్గరికి రండి. తల్లి కణం 20 నుంచి 30 సార్లు పిల్లల్ని కని చనిపోతుంది. ముసలి తల్లికి పుట్టినా పిల్ల మాత్రం దాదాపు కొత్త ఆయుష్షుతో మొదలవుతుంది. కణపొరలో ఉండే పీఎంఏ1 అనే ప్రోటాన్ పంపు తల్లి దగ్గరే పేరుకుంటుంది, పిల్లకు దాదాపు చేరదు. అది ప్రోటాన్లను బయటికి తోసేస్తుంటే తల్లి రిక్తికకు (కణంలోని సంచిలాంటి భాగానికి) ఆమ్లత నిలుపుకోవడం కష్టమవుతుంది. రిక్తిక ఆమ్లత తగ్గాక మైటోకాండ్రియా దెబ్బతింటాయి. ఇదంతా చావు ముంగిట కాదు, తల్లి ఇంకా పడుచుగా ఉండగానే మొదలవుతుంది! రిక్తికకు ఆమ్లత తిరిగి అందిస్తే తల్లి ఆయుష్షు పెరిగిందని 2012లో హ్యూజ్, గాట్ష్‌లింగ్ అనే శాస్త్రవేత్తలు చూపారు. పీఎంఏ1 సంగతి తేలింది 2014లో.

నిత్యసందేహి:
ఇందులో చోటు తప్పిందెక్కడ? పీఎంఏ1 కణపొరలోనే ఉంది, దాని ఇల్లు అదే. పేరుకోవడం వేరు, దారితప్పడం వేరు.

ఈస్ట్‌పక్షం:
ఆ తేడా ఒప్పుకుంటాను. కానీ తల్లిలో ఎంత, పిల్లలో ఎంత అన్నదీ చోటుకు సంబంధించిన ప్రశ్నే. దారితప్పిన వాటినే లెక్కిస్తామంటే సగం కథ వదిలేసినట్టే.

తటస్థుడు:
మీరంతా చోటు మారడమంటే చెడే అనుకుంటున్నారు. ఈస్ట్‌లో సర్ ప్రోటీన్లు మామూలుగా క్రోమోజోముల కొసల దగ్గర ఉండి అక్కడి జన్యువులను అణచి ఉంచుతాయి. ముసలి కణాల్లో అవి కేంద్రకాంశానికి, అంటే కేంద్రకంలోనే రైబోజోముల భాగాలు తయారయ్యే చోటికి, తరలిపోతాయని 1997లో తెలిసింది. వాటిలో ఒకటైన సర్4లో వచ్చే ఒక ఉత్పరివర్తనం (జన్యుమార్పు) కూడా వాటిని అక్కడికే పంపుతుంది. ఆ కణాలు మామూలు కణాలకంటే ఎక్కువకాలం బతికాయి! దీన్ని ఇల్లు కురవడం అనగలరా? కురుస్తున్న చోటికి మనిషి నిచ్చెనతో పరుగెత్తడంలా ఉంది.

నిత్యసందేహి:
నిచ్చెన సంగతి నేను అనుకోనిది. సర్ విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. న్యూరాన్ల విషయంలో మాత్రం తీసుకోను. రంధ్రాలు బాగుచేసి ఎలుక ఆయుష్షు కొలిచిన ప్రయోగం ఎవరైనా ముందు పెట్టేదాకా ట్యూబులిన్‌ను ఫలితం ఖాతాలోనే రాసుకుంటాను.