రక్తపోటు మారితే మినుకుమినుకుమనే కాంతి కంటికి వేరుగా కనిపిస్తుందా?

ప్రశ్న: దీపం సెకనుకు ఎన్నిసార్లు ఆరి వెలిగితే అది మనకు ఎడతెగని వెలుతురుగా తోస్తుందో, ఆ హద్దును ఫ్లికర్ ఫ్యూజన్ ఫ్రీక్వెన్సీ అంటారని చదివాను. నాకు రక్తపోటు ఎక్కువ. రక్తపోటును బట్టి ఈ హద్దు కూడా మారుతుందా? మారేటట్లయితే, దీన్ని కొలిచి రక్తపోటును అంచనా వేయవచ్చా?

మొదటి జవాబు: అంచనా వేయలేమండి. ఆ హద్దును ప్రధానంగా నిర్ణయించేది వెలుతురు తీవ్రత. కంటిలో మసక వెలుతురులో పనిచేసే రాడ్ కణాలు సుమారు 15 నుంచి 20 హెర్ట్జ్ (సెకనుకు అన్నిసార్లు) దాటితే మినుకును పసిగట్టలేవు. మంచి వెలుతురులో కోన్ కణాలు 50, 60 హెర్ట్జ్ వరకూ పసిగడతాయి. వెలుతురు పదింతలైన ప్రతిసారీ హద్దు ఇంచుమించు ఒకే మోతాదులో పెరుగుతుందని ఫెర్రీ–పోర్టర్ నియమం చెబుతుంది. దీనికి తోడు దీపం పరిమాణం, చూసేవారి వయసు, అలసట కూడా ఫలితాన్ని మారుస్తాయి కనుక, ఒక్క కొలత చూసి అందులో రక్తపోటు వాటా ఎంతో విడదీయడం సాధ్యం కాదు.

రెండవ జవాబు: పై మాటతో ఏకీభవిస్తాను. అయితే అసలు సంబంధం రక్తనాళాల్లో ఉంది, నాకు ఎంతో ఆసక్తి కలిగించేదీ అదే. మినుకుమనే కాంతి పడినప్పుడు రెటీనాలోని (కంటి వెనుక భాగంలో కాంతిని గ్రహించే పొరలోని) నాడీకణాలకు పని పెరిగి, నైట్రిక్ ఆక్సైడ్ వంటి పదార్థాల ప్రభావంతో అక్కడి సన్నని ధమనులు కొద్ది శాతం వెడల్పవుతాయి. ప్రత్యేక కెమెరాతో దీన్ని కొలవవచ్చు. అధిక రక్తపోటు, మధుమేహం ఉన్నవారిలో ఈ స్పందన సాధారణంగా తగ్గి కనిపిస్తుంది. అంటే రక్తపోటు జాడ మీకు కనిపించే వెలుతురులో కంటే ఆ వెలుతురుకు నాళాలు స్పందించే తీరులోనే తెలుస్తుంది.

రక్తపోటు తగ్గినప్పటి సంగతి వేరు. 120/80 ఉన్నవారికి సగటు ధమనీ పీడనం, అంటే గుండె కొట్టుకునే ఒక చక్రం మొత్తం మీద ధమనుల్లో ఉండే సగటు పీడనం, సుమారు 93. కూర్చున్నప్పుడు కంటి దగ్గర అందులో సుమారు మూడింట రెండు వంతులు, అంటే 62 ఉంటుందనుకుంటే, కంటిలోపలి పీడనం 15 తీసివేయగా రెటీనాకు రక్తాన్ని నెట్టే పీడనం 47 మిగులుతుంది (ఈ అంకెలన్నీ రక్తపోటును కొలిచే పాదరస మిల్లీమీటర్లలోనే). చిన్న మార్పులను నాళాలే సర్దుకుంటాయి. చటుక్కున లేచి నిలబడినప్పుడు పీడనం బాగా పడిపోతే మాత్రం చూపు అంచుల నుంచి మసకబారుతుంది.

మూడవ జవాబు: ఒక జాగ్రత్త చెప్పాలి. దీపం మినుకుమనడం వేరు, దీపమేదీ లేకుండానే కంట్లో మెరుపులు రావడం వేరు. ఒకే కంట్లో హఠాత్తుగా మెరుపులు, కొత్త నల్ల చుక్కలు కనిపిస్తే రెటీనా చిరిగి ఉండవచ్చు కనుక ఆ రోజే కంటి వైద్యులకు చూపించండి. రక్తపోటు 180/120 దాటి, చూపు మసకబారినా తీవ్రమైన తలనొప్పి వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.