హెడ్‌మాస్టర్ (హెచ్ఎం) క్లాసు చెప్పాలా, ఆఫీసు చూసుకోవాలా?

మునుగోడు టీచర్:
మొన్న చుట్టుపక్కల బడుల టీచర్లం కలిసే కాంప్లెక్స్ మీటింగ్‌లో దీని మీదే గట్టిగా వాదన జరిగింది. హైస్కూల్ హెచ్ఎం రోజుకు ఒక్క పీరియడ్ అయినా చెప్పాలని నా పట్టు. తొమ్మిదో తరగతిలో ఎంతమందికి భాగహారం రాదో మార్కుల రిజిస్టర్ చూస్తే తెలియదు. మా పాత హెచ్ఎం పదో తరగతికి ఫిజిక్స్ చెప్పేవారు. సిలబస్ వెనకబడిందని ఎవరైనా అంటే, "నాదీ వెనకబడింది, శనివారం ఇద్దరం కూర్చుందాం" అనేవారు. అందుకే స్టాఫ్‌రూంలో ఆయన మాట చెల్లేది.

ఇన్‌ఛార్జి హెచ్ఎం, దేవరకొండ వైపు:
సార్, కాదనను. కానీ మా బడిలో క్లర్క్ లేడు, అటెండర్ లేడు. పొద్దున్నే ఫేస్ రికగ్నిషన్ హాజరు, ఆ తర్వాత మధ్యాహ్న భోజనం లెక్క. బిల్లులు రాలేదు, గుడ్లు ఎక్కడి నుంచి తేవాలని వంట చేసే అక్కలు అడుగుతారు. పిల్లల వివరాలు ఎక్కించే ప్రభుత్వ పోర్టల్ యూడైస్‌లో ఒక పిల్లవాడి పేరు ఆధార్‌తో కలవకపోతే సగం రోజు పోతుంది. వారానికి 18 మ్యాథ్స్ పీరియడ్లు కూడా నావే. పాఠం మధ్యలో "అర్జెంట్, గంటలో పంపండి" అని మెసేజ్ వస్తే టెన్షన్‌తో ఆఫీసుకు పరుగెత్తుతాను. నష్టం ఆ 40 మంది పిల్లలకు. ప్రైమరీలో 150 మంది దాటితే, 6 నుంచి 8 తరగతుల్లో 100 మంది దాటితే విడిగా హెచ్ఎం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్‌లోనే ఉంది. అది పూర్తికాలం పని అనే కదా అర్థం?

కోస్గి నుంచి ఒక తండ్రి:
సార్లూ, మీ మాటలన్నీ బడి గేటు లోపలే ఉన్నాయి. మా అన్న, వదిన దసరా పోయాక పుణెకు పనికి బయలుదేరారు. ఏడో తరగతి చదివే బిడ్డనూ వెంట తీసుకుపోదామనుకున్నారు. హెచ్ఎం మేడం రెండుసార్లు ఇంటికొచ్చి, పిల్లను మా అమ్మ దగ్గర ఉంచేలా ఒప్పించారు. ఆ బిడ్డ ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో (ఎస్ఎంసీ) నాలుగింట మూడొంతుల మంది మా తల్లిదండ్రులే ఉండాలి. చాలాచోట్ల మమ్మల్ని సంతకాలకే పిలుస్తారు. మేడం మాత్రం మేము కూలి నుంచి వచ్చాక, సాయంత్రం 6 దాటాక మీటింగ్ పెట్టేవారు. ఎవరు వలస పోతున్నారో అక్కడే బయటపడేది. నా లెక్కన హెచ్ఎం పని అంటే అది.

మునుగోడు టీచర్:
అన్నా, వలస సంగతి నాకు తట్టలేదు, నిజమే. కానీ ఆ పాప చదువు ఎట్లుందో తెలియకుండా మేడం రెండోసారి మీ గడప ఎక్కేవారా? ఆమె క్లాసు చెప్పేవారో లేదో ఒకసారి కనుక్కోండి. ఇన్‌ఛార్జి సార్, భోజనం లెక్క హెచ్ఎం ఒక్కరే మోయాలని లేదు. మా బడిలో ఆ పని నేను తీసుకున్నాను.

కోస్గి నుంచి ఒక తండ్రి:
బిడ్డనే అడిగాను. ఏడో తరగతికి మేడం తెలుగు చెప్పేవారట, రోజూ మొదటి పీరియడ్. రెండు రోజులు రాని పిల్లల పేర్లు డైరీలో రాసుకునేవారట.

ఇన్‌ఛార్జి హెచ్ఎం, దేవరకొండ వైపు:
మొదటి పీరియడ్‌లో హాజరు యాప్ నన్ను కదలనివ్వదు. భోజనం లెక్క ఎవరైనా తీసుకుంటారేమో రేపు స్టాఫ్‌ను అడుగుతాను. రాని పిల్లల డైరీ మాత్రం రేపే మొదలుపెడతాను.