సన్నం అని తేల్చేది విత్తనం పేరా, గింజ కొలతా? (వడ్ల మీద నలుగురి చర్చ. ప్రతి మాట పైన ఉన్నది చెప్పినవారి మారుపేరు.)

కల్లంకాడ
తెలంగాణల 2024 వానాకాలం నుంచి సన్న వడ్లకు క్వింటాల్‌కు 500 రూపాయల బోనస్ పెట్టిన్రు. సన్నాలు అని 33 రకాల పేర్లిచ్చిన్రు. దాంతోపాటు కొలత కూడా చెప్పిన్రు: బియ్యపు గింజ పొడవు 6 మి.మీ. లోపు, వెడల్పు 2 మి.మీ. లోపు ఉండాలె. రెండూ ఒకే మాట చెప్తే పేచీ లేదు. పేరు ఒకటి చెప్పి కొలత ఇంకోటి చెప్తే ఏది చెల్లాలె? నన్నడిగితే పేరే. పంట నమోదప్పుడే రకం రాసుకుంటే, కొనుగోలు కేంద్రం కాడ విత్తనం బిల్లు, సంచి ట్యాగు చూసి కాంటా పెట్టొచ్చు. లారీలు లైన్ల ఉన్నప్పుడు గింజలు కొలుస్తూ కూసుంటే వడ్లు కుప్పల మీదనే మొలకెత్తుతయి.

గింజకొలత
పేరును నమ్మితే మొదటి అడుగులోనే బోర్లా పడతాం అన్నా. ఎంటీయూ 1010 అనే వరి రకం పేరు కాటన్‌దొర సన్నాలు. కేఎన్‌ఎం 118 పేరు కూనారం సన్నాలు. రెండూ పొడుగు గింజ రకాలే, తెలంగాణలో రెండూ దొడ్డు వడ్ల లెక్కలోనే పోతాయి. పేరులో సన్నం ఉంది కదా అని బోనస్ ఇస్తారా?

శాస్త్రం లెక్కలో సన్నం, దొడ్డు అని రెండే లేవు. పొడవు 6 మి.మీ., ఆ పైన ఉండి, పొడవును వెడల్పుతో భాగిస్తే 3 లేదా ఎక్కువ వస్తే పొడవు సన్నం. 3 కన్నా తక్కువైతే పొడవు లావు. పొడవు 6 లోపు ఉన్నవి మూడు రకాలు: నిష్పత్తి 3, ఆ పైన పొట్టి సన్నం, 2.5–3 మధ్య మధ్యరకం సన్నం, 2.5 లోపు పొట్టి లావు. బీపీటీ 5204 (సాంబ మసూరి) మధ్యరకం సన్నం. 1010 పొడవు సన్నం. అంటే దానికి పేరు పెట్టినవాళ్లు అబద్ధమాడలేదు, బోనస్ రాసినవాళ్లు ఇంకో గీత గీశారు, అంతే.

మార్టేరు మాగాణి
ఇక్కడే ఇంకో తిరకాసు ఉందండోయ్. కేంద్ర ప్రభుత్వం మద్దతు ధరలో ఉన్నవి కామన్, గ్రేడ్ ఏ రెండే. అది చూసేది నిష్పత్తి: 2.5, ఆ పైన అయితే గ్రేడ్ ఏ. ఆ లెక్కన 1010 గ్రేడ్ ఏ. ఒకే కుప్ప మద్దతు ధరకి మేలురకం, బోనస్‌కి దొడ్డు! 2025–26లో కామన్ 2,369, గ్రేడ్ ఏ 2,389. ఇరవై రూపాయల తేడాకి ఎవరూ గొంతు చించుకోరు కాబట్టి ఇన్నాళ్లూ ఈ సంగతి పైకి రాలేదు. గీత మీద 500 పెడితే ప్రతి గింజా పంచాయితీయే మరి.

విత్తనాల అంగడి
పేరు అంటున్నారు సరే, ఏ పేరు? ఎంటీయూ అంటే మార్టేరు, బీపీటీ బాపట్ల, ఆర్ఎన్ఆర్ రాజేంద్రనగర్, జేజీఎల్ జగిత్యాల, కేఎన్ఎం కూనారం. అక్షరాలు రకం పుట్టిన పరిశోధన స్టేషన్‌ను చెబుతాయి, అంకె ఆ స్టేషన్ కల్చర్ నంబర్, అంటే ప్రయోగాల్లో ఆ రకానికి ఇచ్చుకున్న గుర్తు సంఖ్య. అందులో ఏ సంవత్సరమూ లేదు, ఏ గింజా లేదు. అయినా అది ఒక్కటే ఊరు మారినా మారని పేరు. వాడుక పేర్లు చూడండి: బజారులో బీపీటీ 5204 బియ్యాన్నే సోనా మసూరి అని అమ్మేస్తారు, అమెరికాలో మనవాళ్లు కొనే సంచుల మీదా ఆ పేరే. అసలు సోనా మసూరి బీపీటీ 3291. 5204 సాంబ మసూరి.

ఇంకొకటి. నోటిఫై అయిన, అంటే ప్రభుత్వం అధికారికంగా ప్రకటించిన రకానికే సర్టిఫైడ్ నీలం ట్యాగు వస్తుంది. కంపెనీ సొంత రకాలు చాలావరకు ట్రూత్‌ఫుల్ లేబుల్‌తో (నాణ్యతకి కంపెనీయే హామీ ఇచ్చుకునే లేబుల్), కంపెనీ పెట్టుకున్న పేరుతో వస్తాయి. 33 పేర్ల జాబితాలో వాటిని ఎక్కడ వెతుకుతారు? గింజ నిజంగా సన్నమే అయినా రైతు నష్టపోతాడు.

కల్లంకాడ
గది ఒప్పుకుంటా. మరి కొలత అంత నమ్మకమైందా? ఒకే కుప్పల ఒక గింజ 5.8, ఇంకోటి 6.1 వస్తే?

గింజకొలత
ఒక్క గింజ తీస్తే తప్పు వచ్చి తీరుతుంది. కుప్ప పైన, మధ్యన, అడుగున కనీసం ఐదారు చోట్ల తీసి కలపాలి. పొట్టు తీశాక నూకలు, పచ్చిగింజలు ఏరేసి, విరగనివి పది తీసుకోవాలి. పచ్చిగింజ సన్నగా ఉంటుంది, దాన్ని కలిపితే దొడ్డు కూడా సన్నంగా తేలుతుంది. పదింటినీ స్కేలు పక్కన తలా తోకా కలిపి పేరిస్తే 57 మి.మీ. వచ్చిందనుకోండి, సగటు 5.7. వెడల్పుకి పక్కపక్కన పేర్చాలి, లేదంటే కాలిపర్‌తో (మందం కొలిచే పరికరం) ఒక్కొక్కటి చూసి సగటు కట్టాలి. వడ్లను పొట్టుతో కొలిచి 6 దాటిందనడం మాత్రం పూర్తిగా తప్పు, హద్దు పెట్టింది బియ్యానికి.

ముడిబియ్యమా, పాలిష్ పట్టినదా అన్నది కూడా ముందే రాసి ఉండాలి. తవుడు పోతే గింజ కాస్త తగ్గుతుంది, 6 గీత మీద ఉన్న రకం అటో ఇటో అయ్యేది అక్కడే. ఇంకా, 6, 2 హద్దులు మాత్రమే చూస్తే 4.5 × 1.95 గింజ కూడా పాసవుతుంది. నిష్పత్తి 2.3. అది పొట్టి లావు గింజ! నిష్పత్తి కూడా చూడకపోతే ఆ కొలతకి అర్థం లేదు.

మార్టేరు మాగాణి
కొలత గెలిచిందని పేరుని పక్కన పడేయకండి. మెరుగుపరచిన సాంబ మసూరి 2008లో వచ్చింది, ఎండాకు తెగులుని తట్టుకునే మూడు జన్యువులు పెట్టారు. గింజ చూస్తే అచ్చం సాంబే, కాలిపర్‌కి తేడా తెలీదు. తెగులు వచ్చే చేలో ఏది వేశామన్నదే తేడా. పంట కాలమూ అంతే: 5204 సుమారు 150 రోజులు, ఆర్ఎన్ఆర్ 15048 సుమారు 125. రెండూ సన్నాలే, కాలువ నీళ్లు ముందే ఆగిపోయే చోట మొదటిది వేస్తే పొట్ట దశలో ఎండుద్ది. విత్తనం కొనేటప్పుడు పేరు, వడ్లు అమ్మేటప్పుడు కొలత. ఒకదాని పని ఇంకోదానికి అప్పజెప్పకండి.

కల్లంకాడ
అమ్మేటప్పుడు కూడా జాబితాల ఉన్న రకానికి ట్యాగు, బిల్లు ఉంటే కొలత ఎందుకు? జాబితాల లేనిదానికి, ట్యాగు పోయినదానికి కొలవండి. అందరినీ కొలిస్తే సెంటర్ నడవదు, నేను దాని మీదనే ఉన్న.

విత్తనాల అంగడి
ట్యాగు సన్నానిది, కుప్ప వేరే చేనుది అయితే? ట్యాగు ఉన్నా సరే, పదికి ఒక లాటు తీసి కొలవాలి. ఏది కొలుస్తారో ముందే చెప్పకూడదు.